పెంకుల మీది పళ్ళెం

వీరభద్రం సారు పోయి నలభై రోజులు దాటింది. ఆయన గురించి నాలుగు మాటలు రాసి ఇమ్మని ఈ పత్రిక వాళ్ళు పదోనాడే కబురు పెట్టారు. రాయలేకపోయాను. తీరిక లేక కాదు, మాటలు దొరకక కూడా కాదు. ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకున్న ఈ చేయి మొట్టమొదట పెట్టిన సంతకం ఆయన పనికే గొడ్డలిపెట్టు అయింది. ఆ తరవాత కలం పట్టుకుంటే చేయి సాగలేదు. ఆ సంగతి దాచిపెట్టి నివాళి రాస్తే అది అబద్ధం. చెప్పి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆయన పోయిన రోజు పొద్దున నేను ఏరుకొచ్చిన ఇప్పపువ్వును కడుగుతున్నాను. మా వైపు ఇప్పపువ్వును ఎవరూ కడగరు, ఏరి ఎండబెట్టుకుంటారు. మా ఊళ్ళో మాత్రం మూడు నీళ్ళు మార్చాలి, లేకపోతే భోపాలపట్నం సేటు “బూడిద పువ్వు” అని గంప వెనక్కి నెడతాడు. సారుకు జావ తీసుకుపోయిన మా తోడికోడలు లచ్చమ్మ గిన్నె అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి, “అక్కా, సారు దగ్గుతలేడు” అంది. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. రెండేళ్ళుగా ఆయన ఇంట్లో ఉన్నారని మాకు తెలిసేది దగ్గు వల్లనే.

మద్దేడ్ నుంచి మా ఊరికి వచ్చే తోవలో ఒక సున్నపురాయి గుట్ట ఉండేది. ఇప్పుడు అక్కడ గొయ్యి ఉంది. గుట్ట ఎంత ఎత్తుండేదో గొయ్యి అంత లోతైంది. మా బావుల్లోని నీళ్ళన్నీ దాంట్లోకి దిగిపోయాయి. గొయ్యి పక్కనే సిమెంటు కార్ఖానా. వీరభద్రం సారు ఆంధ్ర నుంచి పడుచు వయసులో అక్కడికి కొలువుకు వచ్చారు. ల్యాబులో పని. పూటపూటా సిమెంటును సన్నని జల్లెడలో జల్లించి, ఎంత మెత్తగా వచ్చిందో చూసి, సరిగా ఉందని రాయడం. రిటైరయ్యాక టౌన్‌షిప్ క్వార్టరు ఖాళీ చేసి, సొంత ఊరికి పోకుండా మా ఊళ్ళో రెండు గదుల పెంకుటింట్లో దిగారు. “మీ దిక్కు పోక ఈ దుమ్ముల ఏంది సారూ” అని ఒకసారి అడిగాను.

“ఇన్నేళ్ళూ సరిగా ఉందని నేను రాసిన పిండే కదా నర్సమ్మా, మీ ఇళ్ళ మీద పడుతోంది. నేను మాత్రం దూరం పోయి మంచిగాలి పీల్చుకుంటే ఏం బాగుంటుంది?” అన్నారు.

నా మొగుడు చనిపోయిన ఏడాది నేను ఆయన ఇంట్లో పెట్టిన బడిలో చేరాను. అప్పటికి యాభై దాటాయి. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి సాయంత్రం ఆయన వసారాలో కూర్చునేవాళ్ళం. పలకలు అందరికీ చాలేవి కావు. ఒకనాడు లచ్చమ్మ కిటికీ చెక్క మీద పేరుకున్న సిమెంటు దుమ్ములో వేలితో “అ” దిద్ది, “సారూ, గిది ఫుకట్ పలక” అని నవ్వింది. మేమూ నవ్వాం. సారు లేచి వచ్చి, పైపంచెతో ఆ అక్షరం తుడిచేశారు. “దాని మీద వద్దమ్మా. అలవాటైపోతుంది” అన్నారు. మరునాడు భోపాలపట్నం పోయి నాలుగు పలకలు తెచ్చారు.

అందరూ ముందు పేరు రాయడం నేర్పుతారు. ఆయన చివరికి గాని నేర్పలేదు. మేము తొందరపడితే, “ముందు చదవండి. చదవకుండా సంతకం పెట్టేకంటే వేలిముద్రే మేలు. వేలిముద్ర వేసేవాడికి తనకు చదువు రాదన్న జాగ్రత్తయినా ఉంటుంది” అనేవారు. ఈ మాట నేను ఆ రోజే నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకోవడం వేరు, గుర్తుండడం వేరు.

పెంకుల మీద ఆయన ఒక స్టీలు పళ్ళెం పెట్టేవారు. సాయంత్రం పెట్టి, పొద్దున దించి, అందులో పడిన దుమ్మును కాగితంలో పొట్లం కట్టి పైన తేదీ వేసేవారు. అలాంటి పొట్లాలు బియ్యం డబ్బా నిండా ఉండేవి. పై ఆఫీసుకు దరఖాస్తు పెడుతూనే ఉండేవారు, ఎవరైనా వచ్చి కళ్ళతో చూడండి అని. మాకు విడమరిచి చెప్పేవారు. “కట్టె కాలిస్తే కట్టె పొగ వస్తుంది. సున్నపురాయి కాలిస్తే రాయిలో దాగిన గాలే బయటికి పోతుంది. దానికి తోడు బొగ్గు పొగ. కనబడే దుమ్ము మీ పొలం దాకా పోతుంది. కనబడని గాలి ఎవరి పొలం దాకా పోతుందో హద్దు లేదు.” అది విని ముసలి ఎర్రన్న, “మరి సిమెంటు లేకుంట ఇండ్లెట్ల సారూ? మీ బడి గచ్చు కూడ సిమెంటుదే కద” అన్నాడు. సారు, “నిజమే. ఇల్లు కట్టొద్దని నేను అనట్లేదు ఎర్రన్నా. ఇల్లు ఒకడిదీ ఊపిరి ఇంకొకడిదీ కాకూడదంటున్నాను” అన్నారు.

ఆయన ఊపిరి అప్పటికే తరిగిపోతోంది. జగదల్‌పూర్ డాక్టరు ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని చెప్పాడట. ఆ మాట మాకు చెబుతూ, “నేను పరీక్ష చేసిన సిమెంటే కదా, గట్టిగానే పడుతుంది” అని నవ్వబోయారు. నవ్వు దగ్గయింది. మాలో ఎవరూ నవ్వలేదు.

మొన్నటి చలికాలం ఆయన జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఉండగా ఊరి కావలి కోట్వార్ డప్పు కొట్టుకుంటూ వచ్చాడు. రేపు పొద్దున సాహెబులు దుమ్ము చూడటానికి వస్తున్నారని చాటాడు. సారు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజు అది. ఆయన లేరు, ఆయన బడిలో పెద్దదాన్ని నేను. ఆడవాళ్ళందరినీ పిలిచి, “అంత పెద్ద సార్లొస్తుంటె ఇండ్లు గిట్ల పెట్టుకుంటమా? మన సారు ఇజ్జత్ పోతది” అన్నాను. ఇంటికి చుట్టం వస్తే వాకిలి ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టకుండా ఉండటం మా పుట్టుకలో లేదు. పొద్దు గూకేదాకా పెంకులు కడిగాం. కిటికీలు తుడిచాం. బిందెలు తోమాం. దూరపు బోరింగు నుంచి నీళ్ళు మోసి వాకిలి ముందరి చింత కొమ్మలు కూడా కడిగాం. తెల్లవారి మళ్ళీ ఊడ్చాం. లచ్చమ్మ సారు పెంకుల మీది పళ్ళేన్ని దించి చింతపండుతో మెరిసేలా తోమింది. సాహెబుకు బిస్కెట్లు ఆ పళ్ళెంలోనే పెట్టాం.

సాహెబు సారు కిటికీ చెక్క మీద వేలు రాసి చూసుకున్నాడు. “దుమ్మెక్కడ అమ్మా? చాలా సాఫ్ ఉంది గావ్” అన్నాడు, వచ్చీ రాని తెలుగులో.

“రోజూ పడ్తది సాబ్. మీరొస్తున్నరని కడిగినం” అన్నాను.

“అచ్ఛా. రోజూ ఇట్లే కడగండి” అని బిస్కెట్ తీసుకున్నాడు. సారు పొట్లాల డబ్బా చూపాలని నాకు తోచనే లేదు.

పంచనామా రాసి, వేలిముద్ర కోసం ముద్దర సిరా డబ్బా ముందుకు జరిపాడు. నేను దాన్ని వెనక్కి జరిపాను. “అంగూఠా కాదు సాబ్, దస్తఖత్ చేస్త” అన్నాను. కాగితం హిందీలో ఉంది, మా వైపు సర్కారు రాతంతా హిందీయే. నాకు తెలుగే వచ్చు. ఏం రాసి ఉందో చదివి చెప్పమని అడగాలన్న ఆలోచనే రాలేదు. అందరూ చూస్తున్నారు. ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్ది నా పేరు రాశాను. లచ్చమ్మ చప్పట్లు కొట్టింది.

వారం తరవాత సారు వచ్చారు. నేను ఎదురుపోయి సంతోషంగా చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, “అందులో ఏం రాసుందమ్మా?” అని అడిగారు. “హిందీల ఉండె సారూ” అన్నాను. పంచాయతీ సచివ్‌ను పిలిపించి నకలు చదివించారు. ఊరు పరిశుభ్రంగా ఉందని, ఇళ్ళ మీద గాని చెట్ల మీద గాని ధూళి కనిపించలేదని, ఊరివాళ్ళు దీనికి ఒప్పుకుని సంతకం చేశారని ఉంది. ఆయన పళ్ళెం వంక చూశారు. అది గోడకు ఆనించి మెరుస్తోంది.

“తిట్టండి సారూ” అన్నాను.

“సంతకం వంకర పోలేదు కదా?” అన్నారు.

పళ్ళెం చేతిలోకి తీసుకుని చెప్పారు. “చుట్టం వస్తే ఇల్లు ఊడ్చుకోవడం మంచి బుద్ధే నర్సమ్మా. పళ్ళెం ఎందుకు పెట్టానో మీకు చెప్పాను. వాళ్ళు వచ్చిన రోజు చీపురు పట్టొద్దని చెప్పలేదు. తప్పు నాది. ఇంకో దరఖాస్తు పెడదాం. ఈసారి నువ్వు రాయి.”

“నా చెయ్యి ఒద్దు సారూ” అన్నాను. ఆయన చేయి అప్పటికే వణుకుతోంది, రాయలేరు. అది తెలిసే అన్నాను. ఆ తరవాత ఇంకో రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ తల అడ్డంగా ఊపాను. మూడోసారి అడిగిన నాలుగు రోజులకు ఆయన దగ్గు ఆగిపోయింది.

అలాంటి మనిషి మాకు మళ్ళీ దొరకడు. కార్ఖానా లోపల ఏం జరుగుతుందో చేతులారా చేసి తెలుసుకున్నవాడు, బయట ఏం పడుతోందో మాతోపాటు పీల్చినవాడు, ఆ రెండూ కలిపి మా భాషలో చెప్పినవాడు ఆయన ఒక్కడే. లోపలివాళ్ళు బయటికి రారు. బయటివాళ్ళకు లోపలి సంగతి తెలియదు. ఆయన చోటు ఎవరితో నిండుతుందో నాకు తెలియదు. ఆయన దుమ్ములోంచి తుడిచేసిన ఆ ఒక్క అక్షరం తప్ప మిగతా అక్షరాలన్నీ నా దగ్గర ఉన్నాయి. అవి ఆయన భిక్ష. ఆయన పాదాలకు దండం పెట్టి ఈ మాట రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఇక్కడిదాకా రాసి ఆపాను. లేచి పోయి సారు పళ్ళేన్ని మా పెంకుల మీద పెట్టాను.

ఈ పొద్దున లేచి వాకిలి ఊడ్వలేదు. లచ్చమ్మ చీపురుతో వచ్చి ముక్కున వేలేసుకుంది. “ఊడ్వని వాకిట్లకు లచ్చిమి రాదే అక్కా” అంది.

“రాకుంటె రాకపాయె. సాహెబు రావాలె” అన్నాను.

పళ్ళెం దించి, దుమ్మును పొట్లం కట్టి, తేదీ వేశాను. తరవాత దరఖాస్తు రాశాను. తెలుగులోనే రాశాను, చదివేవాళ్ళను వాళ్ళే వెతుక్కుంటారు. రాసిందాన్ని లచ్చమ్మకు వినబడేలా చదివాను. మళ్ళీ చదివాను. ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా, వేలు పెట్టి చదివాను. అప్పుడు సంతకం పెట్టాను.