ఇటుకల మీద కారు

1981వ సంవత్సరం అక్టోబరు పదకొండో తేదీ, ఆదివారం. దసరా వెళ్ళి మూడు రోజులైంది. తెల్లవారుజాము నుండి విశాఖపట్నం మీద మబ్బు కమ్ముకొని ఉంది. సముద్రం వైపు నుండి తుంపర పడుతూ, ఆగుతూ, వన్ టౌన్ సందుల్ని తడిపీ తడపనట్లు తడుపుతోంది.

ఆ సందుల్లో ఒకదానిలో కనకరత్నం కాపురముండేవాడు. తణుకు నుండి వచ్చి ఓడరేవులో గుమస్తాగా చేరి పద్దెనిమిదేళ్ళయింది. ఓడ నుండి దిగిన సరకును పరీక్షించి, చిరుగూ తడీ ఉంటే వ్రాసి, అంతా ముట్టినట్లు సంతకం చేయడం అతని ఉద్యోగం. ఒక సరకు ఒక రసీదు మీదనే కదలాలి, విడగొట్టి పంపితే కొంప మునుగుతుందని అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని అతడు ఇంట్లో కూడా పాటించేవాడు. చాకలికి బట్టలు వేయవలసివస్తే ఇంటిల్లిపాదివీ ఒకేసారి వేయించేవాడు. ఆ రెండు రోజులూ అందరూ పాత లుంగీలతో, చిరుగు చీరలతో పండుగ చేసుకొనేవారు.

అతనికి ఒక పాత ఫియట్ ఉండేది. వీధి మొత్తానికి అదొక్కటే కావడం వల్ల ‘కారు’ అన్న జాతివాచకం అక్కడ సంజ్ఞావాచకమైపోయింది. ‘కారు వచ్చిందా’ అంటే కనకరత్నం ఇంటికి వచ్చాడా అని అర్థం.

ఆ ఆదివారం చేపల తట్టతో నూకాలు వచ్చింది. ఫిషింగ్ హార్బర్ పక్కనున్న జాలరిపేట ఆమెది. తట్ట దించి, బేరం ముగిశాక కూడా కదలలేదు.

“దీపావళెల్లినాక మా కూతురు పోతమ్మకి పురుడు బాబూ. ఏ యేలకి నొప్పులొత్తాయో ఏటో. పేటలో రిచ్చాలు దొరకవు. నాను పరిగెత్తుకొత్తాను, మీ కారు ఒక్క పాలి అట్టుకొత్తారా?”

“ఒక్కసారేం ఖర్మ, నూకాలూ! నీ గుమ్మంలో తెచ్చి నిలబెడతాను. ఇది నా మాట,” అన్నాడు కనకరత్నం. అతనికి గొంతు కొంచెం పెద్దదే. పక్కిళ్ళవాళ్ళు కూడా విన్నారు.

మాట ఇచ్చిన సాయంకాలమే టైర్ల వైపు చూశాడు. నాలుగూ అరచేతిలా నున్నగా ఉన్నాయి. వానలో, గర్భిణిని ఎక్కించుకొని, ఈ టైర్ల మీదనా? ఇచ్చిన మాటకు తగిన టైర్లు కావాలి.

కొత్తవి నాలుగు కొనడానికి అతని జీతం ఒప్పుకోలేదు. వాడినవి కొనడానికి మనసు ఒప్పుకోలేదు. మిగిలింది పాత టైరుకే కొత్త రబ్బరు పట్టించే రీట్రెడింగు. ఆ పని చేయించే దుకాణాలు దగ్గర్లో మూడుంటే మూడింటికీ రోజూ హాజరు వేశాడు. టైరును గోటితో గిల్లేవాడు, గొడుగు పిడితో కొట్టి చెవి పెట్టేవాడు, వాసన చూసేవాడు. చూసినదంతా కాగితం మీద ఎక్కించేవాడు. ఇట్లా పన్నెండు రోజులు గడిచాయి.

“ఏటి బావా, టైరుకి రబ్బరేయిత్తన్నావా, ఆడపిల్లనిత్తన్నావా?” అన్నాడు మూడో దుకాణం ఎల్లారావు. “ఆకరికి గోత్రం కూడా అడిగేటట్టున్నావు.”

“పరీక్షించకుండా నేను దేని మీదా సంతకం పెట్టను.”

“సంతకం ఎవలడిగినారు? టైర్లు ఇయ్యి. ముందు రెండియ్యి, అవి వొచ్చినాక రెండు. బండి ఆగిపోకుండా ఉంటాది.”

కనకరత్నం నొచ్చుకొన్నాడు. “ఒకే కారు టైర్లు, రెండు రసీదులా? అట్లా కుదరదు. అన్నీ ఒకేసారి తీసుకో.”

స్టెపినీతో కలిపి ఐదూ రిక్షా ఎక్కాయి. వారం రోజులన్నాడు ఎల్లారావు. కారు నాలుగు ఇటుకల దొంతుల మీద, టార్పాలిన్ కప్పుకొని కూర్చొంది.

“పోతమ్మ నొప్పులు పడే నాటికి వస్తాయా అండీ టైర్లు?” అని భార్య తాయారు అడిగింది.

“శనివారానికి వస్తాయి. ఇంకా వ్యవధి ఉంది.”

దీపావళి వెళ్ళిన రెండో నాడు, గురువారం, జోరున వాన. కనకరత్నం మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం కలుపుకొన్నాడు. వాకిట్లో తడిసి ముద్దయిన నూకాలు కనిపించింది.

“బాబూ, రండి, నొప్పులొత్తన్నాయి!” అని టార్పాలిన్ ఎత్తి చూసి అక్కడే ఆగిపోయింది. “ఇదేటి బాబూ? కారుకి కాళ్ళేవి?”

“రీట్రెడింగుకు వెళ్ళాయి నూకాలూ. శనివారానికల్లా…”

“శనారమా? దానికిప్పుడొత్తన్నాయి!”

కలిపిన చేయి కలిపినట్లే కనకరత్నం నిలబడిపోయాడు. తాయారు మాత్రం గొడుగు కూడా లేకుండా వీధి చివరకు పరుగెత్తింది. అక్కడ టీ కొట్టు దగ్గర ఐసు ప్లాంటు వ్యాను ఆగి ఉంది. డ్రైవరు జగ్గారావు గ్లాసు కింద పెట్టి, “ఎక్కండెక్కండి, పేటలో ఏ ఇల్లో సెప్పండి,” అన్నాడు.

పేటకు వెళ్ళి పోతమ్మను ముందు సీటులో కూర్చోబెట్టారు. తాయారు ఆమెను పొదివి పట్టుకొంది. వెనుక, ఐసు దిమ్మెల మధ్య, ఊకలో, నూకాలు ఎదురుగా కనకరత్నం కూర్చొన్నాడు. ఎక్కబోతూ అలవాటు చొప్పున వ్యాను ముందు టైరు చూశాడు. రబ్బరు అరిగి లోపలి నార బయటపడి ఉంది. అతని కారు టైర్లు దానికంటే నయం. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆ టైర్ల మీదనే వ్యాను ఘోషాసుపత్రికి చేరింది. గంటలోపల ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

శనివారం టైర్లు వచ్చాయి. ఎల్లారావు మాట తప్పలేదు. తల్లీ బిడ్డల్ని ఇంటికి చేర్చుదామని కనకరత్నం కారు కడిగి ఆసుపత్రికి వెళ్ళాడు. వాళ్ళు పొద్దుటే రిక్షాలో వెళ్ళిపోయారని చెప్పారు. నూకాలు తగాదాకు రాలేదు. తట్ట నెత్తిన పెట్టుకొని అతని గుమ్మం దాటి వెళ్ళేది. ఆ గుమ్మం వచ్చేసరికి ఆమె కేక ఆగిపోయేది, దాటాక మళ్ళీ మొదలయ్యేది. నెల రోజుల తర్వాత తానే వచ్చి తట్ట దించింది. ఆ నెల మాట ఎవరూ ఎత్తలేదు. కారు కావాలని వీధిలో ఎవరూ మరి అడగనూ లేదు.

1989లో ఉద్యోగం మాని తణుకు చేరిన కనకరత్నం నుండి నూకాలుకు ఈ ఉత్తరం వచ్చింది:

“నూకాలుకు, కనకరత్నం వ్రాయునది. ఇక్కడ మేము క్షేమము. నీ మనుమరాలు చిట్టమ్మ బడికి పోవుచున్నది గనుక చదివి వినిపించగలదని వ్రాయుచున్నాను. పోయిన వారం కారు అమ్మివేసితిని. కొన్నవాడు టైర్లు చూచి, ఇంత జాగ్రత్త మనిషిని చూడలేదన్నాడు. నాకు సిగ్గు వేసినది. నీవు నన్ను అడిగినది కారు. మంచి టైర్లు నీవు అడుగలేదు. పాతవాటి మీద మైలున్నర దూరము మెల్లగా పోయి ఉండవచ్చును. ఈ మాట ఎనిమిదేండ్ల క్రిందటనే నీతో అనవలసినది. నీవు మా గుమ్మము దాటిపోయిన ఆ నెల, తాయారు మరియొకరి దగ్గర చేప కొననన్నది. మేము పప్పుతోనే తిన్నాము. ఇక్కడ చెరువు చేప దొరుకును, సముద్రపుది దొరకదు. చిట్టమ్మ ఎన్నవ తరగతి? దాని చేతనే జవాబు వ్రాయించు.”