సొరచేప ముక్కుకు బంతిపూల దండ

నా చిన్నప్పుడు జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా, మహాకావ్యానికి సరిపడేంత యాత్ర ఒకటి జరిగింది. అందులో జర్మనీ రథం ఉంది, కన్నీళ్ళున్నాయి, దైవకోపం కూడా ఉంది. ఇలా మొదలుపెడితే అందరూ సర్దుకుని కూర్చుంటారని చెప్పాను గానీ, నిజానికిది ఒక పాత కారు హైవే పక్కన ఆగిపోయిన కథ.

కారు మా పెదనాన్నది. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఒక క్వారీ యజమాని షెడ్డులో సున్నపురాయి దుమ్ము కప్పుకుని పడున్న రెండు తలుపుల జర్మనీ కారును అడిగి తెచ్చుకుని, ఏళ్ళ తరబడి బాగుచేసుకున్నారు. దాన్ని నడపడం కంటే దాని ముందు నిలబడి చూడడమే ఆయనకు ఎక్కువ ఇష్టం. తలుపు అద్దానికీ వెనక సీటు పక్క అద్దానికీ మధ్య స్తంభం లేదనీ, అద్దాలన్నీ దించితే పక్క మొత్తం ఖాళీ అవుతుందనీ, తర్వాత వచ్చిన మోడలుకు భద్రత కోసం స్తంభం పెట్టి ఆ అందాన్ని సగం చేశారనీ దిగులుపడేవారు. ఇంట్లో మనుషుల గురించి అంత దిగులు పడగా నేను చూడలేదు.

ఆ రోజు పక్కింటి అక్కకి నందిగామలో ఇంజనీరింగు ఎంట్రెన్సు. రెండోసారి రాస్తోంది. ఈసారి తప్పితే సిమెంటు కొట్లో కూర్చోవలసిందేనని వాళ్ళ నాన్న తేల్చేశారు. ముహూర్తాల రోజు కావడంతో ఆటోలన్నీ పెళ్ళివారి వెంట పోయాయి. ఎక్కవలసిన బస్సు రానే లేదు. అక్క ఏడుపు మొహంతో మా గుమ్మంలో నిలబడితే పెదనాన్న తాళాలు తీశారు. పెద్దమ్మ ఊరుకుంటుందా? శుభమా అని పరీక్షకి వెళ్ళే బండి అంటూ, కారు ముక్కు పొడుగునా పసుపు గుడ్డ కట్టి, దానిమీద లావుపాటి బంతిపూల దండలు వరసగా వేసి, నిమ్మకాయలు తొక్కించి గానీ కదలనివ్వలేదు. అక్కకి తోడుగా నన్ను కూడా వెనక సీట్లో పడేసింది.

సగం దారిలో బానెట్ లోంచి ఆవిరి లేచింది. ఎండ మండిపోతోంది. ఇంజను చల్లారేదాకా ఆగాలన్నారు పెదనాన్న. నిమిషం ఆలస్యమైనా సెంటర్లోకి రానివ్వరు. అక్క రోడ్డుమీదికి వెళ్ళి చేతులు ఊపింది. సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము కొట్టుకుంటూ పోయాయే గానీ ఒక్కటీ ఆగలేదు. కొట్టు తననే పిలుస్తోందనుకుందేమో, వెక్కి వెక్కి ఏడుస్తూ నందిగామ వైపు నడక మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఇట్రా, ఇది చూసి పో," అని పిలిచారు పెదనాన్న.

ఆమెను ఆపడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ కారు కథ ఒక్కటే. అక్క వెనక్కి రాగానే చెప్పడం మొదలుపెట్టారు. దీన్ని గీసినవాళ్ళు ముక్కును సొరచేపలా ముందుకు వంచారట. అది చూడ్డానికి మాత్రమే కాదట, పరిగెత్తేటప్పుడు ఎదురుగాలిని మింగి ఇంజనుకి అందించేది ఆ నోరేనట. అంతవరకూ వచ్చి ఆగిపోయారు. ముగ్గురం కారు నోటివైపు చూశాం. పసుపు గుడ్డ, బంతిపూలు. గాలి దూరే సందు లేదు.

"తీసేద్దామా?" అన్నారు ఆయన, చెయ్యి మాత్రం పెట్టకుండా.

"పరీక్షకి పోతా పూజ దండ తెంపుతారా మాస్టారూ! అపశకునమండీ," అంది అక్క.

"పరీక్ష నీది. నువ్వే చెప్పమ్మా."

"దేవుడికి కూడా ఊపిరాడట్లేదేమో అక్కా," అన్నాను నేను.

అక్క ఏడుస్తూనే దండలూ, పసుపు గుడ్డా లాగేసింది. కళ్ళకద్దుకుని, కార్లో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

ఇంజను చల్లారాక నీళ్ళు పోసి బయల్దేరాం. మళ్ళీ వేడెక్కబోతుంటే పెదనాన్న హీటరు పూర్తిగా తిప్పారు. ఇంజను వేడిని అది మామీదికి లాగేస్తుందట. మంచుదేశం వాళ్ళ కోసం పెట్టిన హీటరు నడివేసవిలో మమ్మల్ని వేయిస్తుంటే, స్తంభం లేని ఆ కిటికీల్లోంచి వడగాలి దూసుకొచ్చింది. నందిగామలో సెంటరు గేటు మూస్తుండగా అక్క పసుపు చేతులతో, ఒళ్ళంతా పూరేకులతో లోపలికి దూరింది. గొప్ప ర్యాంకేమీ రాలేదు. కొట్లో కూర్చోకుండా ఉండడానికి సరిపోయింది.

బెంబేలు పడినప్పుడు నేను ఇప్పటికీ కొత్తగా ఏదీ తగిలించను. ముందు ఏది అడ్డంగా ఉందో చూసి, అది పూలదండైనా సరే, తీసేస్తాను. ఇక బండి వేడెక్కితే మీరూ హీటరు పెట్టుకోవచ్చు. చెప్పులు మాత్రం వేసుకోండి, వేడిగాలి కాళ్ళ దగ్గరే వస్తుంది.