అయిదేళ్ళ వడ్డీ, ముప్పై ఏళ్ళ సంతకం

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీలు పొయ్యి మీద పెట్టి, అవి ఉడికేలోపు కాస్త నడుం వాల్చుదామని సోఫాలో కూలబడ్డానో లేదో, జార్జియా నుంచి మా మరిది కొడుకు ఫోన్ చేశాడు. కమ్మింగ్‌లో వాడు ఇల్లు కొని అయిదేళ్ళు కావస్తోంది. “పెద్దమ్మా, నెక్స్ట్ ఇయర్ నుంచి మా హోమ్ లోన్ ఇంట్రెస్ట్ మారిపోతూ ఉంటుంది. ఇప్పుడే ఫిక్స్‌డ్‌కి స్విచ్ చేసేద్దామా అని చూస్తున్నా. మీరు కూడా అప్పట్లో చేశారంట కదా, పెదనాన్నని అడిగి చెప్పవా?” అన్నాడు. అడిగి చెబుతాలే నాన్నా అని పెట్టేశాను గానీ, ఆయన్ని అడగబుద్ధి కాలేదు. ఎక్కడలేని నీరసం వచ్చింది. ఈ వయసులో నీరసానికి కారణం అక్కర్లేదనుకోండి, మోకాళ్ళున్నాయి, షుగరుంది, ఏప్రిల్ వచ్చినా వదలని ఇల్లినాయి చలి ఉంది, కానీ ఇది వాటిలో దేనివల్లా వచ్చింది కాదు.

నాతోపాటు ఆ రోజుల్లో ఈ షికాగో చుట్టుపక్కల ఊళ్ళకి వచ్చిపడ్డవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, మనవాళ్ళలో ఎవరిని కదిపినా అదే లోను. మొదటి అయిదేళ్ళూ వడ్డీ తక్కువగా, కదలకుండా ఉంటుంది, ఆ తరువాత ఏడాదికోసారి బజారు ఎటు పోతే అటు పోతుంది. ముప్పై ఏళ్ళూ ఒకే వడ్డీ ఉండే ఫిక్స్‌డ్ లోను కూడా ఇస్తామని బ్యాంకువాళ్ళు చెబుతూనే ఉండేవారు, దానికి వడ్డీ కాస్త ఎక్కువ. మనవాళ్ళెవరూ దాని వంక కూడా చూడలేదు. ముప్పై ఏళ్ళు ఇక్కడెవరుంటారు, అయిదేళ్ళు కష్టపడి నాలుగు రాళ్ళు వెనకేసుకుని వెళ్ళిపోతాం కదా అని. గుడి క్యాంటీన్‌లో పులిహోర ప్లేట్లు పట్టుకుని నిలబడి మగవాళ్ళు మాట్లాడుకునే మాటల్లో సగం ఇవే ఉండేవి, వాళ్ళలో ఒక్కరు కూడా పొరపాటున ఆరేళ్ళు అనగా నేను వినలేదు. మా ఆయనకి ఈ లోను సలహా ఇచ్చిన స్నేహితుడైతే వెళ్ళిపోయేవాళ్ళకి కర్టెన్లెందుకని కిటికీలకి పాత దుప్పట్లు కట్టుకుని కాలక్షేపం చేశాడు. ఆయన ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు, కర్టెన్లు మాత్రం కోడలొచ్చాక మారాయి.

నా అయిదేళ్ళ సంగతి వేరు. నేను తెనాలిలో ఒక కాలేజీలో బాటనీ లెక్చరర్ని. మా ఆయన ముందుగా వచ్చి, రెండేళ్ళ తరువాత నన్నూ, రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయినీ తీసుకొచ్చారు. నేను ఉద్యోగం మానేసి రాలేదు, సెలవు పెట్టి వచ్చాను. జీతం లేని ఆ సెలవు అయిదేళ్ళకి మించి ఇవ్వరు, ఆలోపు వెళ్ళి చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. నేను దిగిన కొత్తలోనే అరోరాలో ఈ ఇల్లు కొన్నాం కనుక, ఇంటి వడ్డీకి పెట్టిన గడువూ, నా సెలవుకి పెట్టిన గడువూ ఇంచుమించు ఒకేసారి తీరిపోతాయి. అది నాకు ఎంత ధీమాగా ఉండేదో చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది. భర్త వీసా మీద వచ్చిన ఆడవాళ్ళకి ఆ రోజుల్లో పని చేసే వీల్లేదు. మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టి పిల్లల చేత బొమ్మలు గీయించిన మనిషిని, ఇక్కడ ఉల్లిపాయలు తరిగి, గిన్నెలు తోమి, స్కూలు బస్సు కోసం కిటికీ దగ్గర నిలబడేదాన్ని. ఎంత విసుగు పుట్టినా ఎన్నాళ్ళులే, మళ్ళీ నా ల్యాబు నాకుంది అనుకునేదాన్ని.

అందుకే ఈ ఇంట్లో మేం సగమే ఉన్నాం. టీవీ వచ్చిన అట్టపెట్టె, మిక్సీ వచ్చిన అట్టపెట్టె, తిరిగి వెళ్ళేటప్పుడు పనికొస్తాయని బేస్‌మెంట్‌లో దాచాం. గోడలకి మేకులు కొట్టనిచ్చేదాన్ని కాదు. మా అమ్మాయి తన గదికి ఊదారంగు వేయమని ఏటా పుట్టినరోజుకి అడిగేది, వెళ్ళిపోయేవాళ్ళం మనకెందుకు తల్లీ అని ఏటా అదే జవాబు చెప్పేదాన్ని. పెరట్లో ఒక్క గులాబీ మొక్క నాటలేదు, బాటనీ చదివినదాన్ని అయి ఉండి కూడా.

అయిదో ఏడు వచ్చేసరికి వడ్డీలు పైకి లేచాయి. గుడి క్యాంటీన్‌లో మాటలు మారాయి. వెళ్ళిపోవడం గురించి మాట్లాడిన నోళ్ళే ఏ బ్యాంకు ఎంతకి ఫిక్స్ చేస్తోందని ఆరా తీయడం మొదలుపెట్టాయి. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి షూస్ కూడా విప్పకుండా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తల పట్టుకునేవారు. “కొత్త రేట్ పడితే నెల నెలా తట్టుకోలేం. గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తుందో లాయర్‌కే తెలియట్లేదు. ఫిక్స్‌డ్ చేసేస్తే ఒక బాధ వదులుతుంది” అన్నారొకరోజు. అవునన్నాను. అదే వారంలో మా ప్రిన్సిపాల్ గారు కబురు పెట్టారు, కాలేజీలు తెరిచేనాటికి వచ్చి చేరమని, లేకపోతే రాజీనామా పంపమని. ఆ సంగతి కూడా ఆయనకి చెప్పాను. ఆయన ఊఁ అన్నారు.

నిజానికి వడ్డీ మార్చుకున్నంత మాత్రాన ఇల్లు అమ్ముకోవద్దని ఎవరూ అనరు. కానీ ఆ మార్చడానికయ్యే ఖర్చులే బోలెడు, అంత పోసి మార్చుకున్నవాళ్ళు ఆర్నెల్లు తిరక్కుండా అమ్ముకుని వెళ్ళరు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఇల్లు అమ్మేసి వెళ్ళిపోదామా అని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున ఒకాయన వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే ఎలా పంపుతామని కాఫీ ఇచ్చి, ఒక పళ్ళెంలో రెండు సున్నుండలు పెట్టాను. మా ఆయన బెంబేలెత్తిపోయారు, లంచమనుకుంటాడే అని కళ్ళతోనే నా మీద కేకలేశారు. ఆ వచ్చినాయన శుభ్రంగా తిని, ఇంకొకటి అడిగి జేబులో వేసుకుని, ఇంటిని కొత్తదానిలా ఉంచుకున్నారని మెచ్చుకున్నాడు. కొత్తదానిలా ఉండక ఏమవుతుంది, మేం అందులో కాపురం మొదలుపెడితే కదా.

సంతకాలు గురువారం పెట్టుకున్నాం. కాగితాలు పట్టుకుని ఒకావిడ ఇంటికే వచ్చింది, కానీ రాహుకాలం ఇంకా వెళ్ళలేదు. ఈ ఒక్క విషయంలో మా ఆయన ఎవరి మాటా వినరు. మూడు గంటలయ్యేదాకా ఆవిణ్ణి వాతావరణం గురించీ, ట్రాఫిక్ గురించీ మాటల్లో పెట్టి కూర్చోబెట్టారు, పాపం ఆవిడ రెండు కప్పుల కాఫీ తాగింది. లోను ఆయన ఒక్కరి పేరు మీదే, నాకు సంపాదన లేదు కాబట్టి. అయినా కాపురముండే ఇల్లు కనుక ఈ రాష్ట్రంలో భార్య సంతకం కూడా కావాలట. ఆవిడ కాగితాలు నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. చూపించినచోటల్లా చేశాను. కాలేజీలో హాజరు పట్టీలో పెట్టే సంతకమే, చేతికి ఇంకా అలవాటు పోలేదు.

లేచి వెళ్ళబోతూ ఆవిడ ఒక మాట చెప్పింది. ఇలా లోను మార్చుకున్నవాళ్ళకి చట్టం మూడు రోజులు గడువిస్తుంది, మధ్యలో ఆదివారం లెక్కలోకి రాదు, సోమవారం ముగిసేలోపు ఎందుకు వద్దో చెప్పకుండానే వద్దనుకోవచ్చు, మీ ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా చాలు, అంతా రద్దయిపోతుంది అని. నేనది విని, సోమవారానికి ఎన్ని పూటలున్నాయో లెక్కపెట్టుకున్నాను.

ఆ శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం నాకు ఇప్పటికీ కంటికి కట్టినట్టున్నాయి. ఒక్కమాట చాలు. కానీ ఆ మాట నేనే అంటే, నెల నెలా ఆయన మోసే బరువు నాకు పట్టనట్టు కాదూ? ఆయనంతట ఆయన అనాలి. నీ ఉద్యోగం పోతుందే, వద్దులే, ఎలాగోలా సర్దుకుని వెళ్ళిపోదాం అని ఆయన నోటితో అనాలి. శనివారం గుత్తివంకాయ చేశాను. ఆయన తలొంచుకుని తిన్నారు. కారు కడిగారు, కడిగిన కారునే ఆదివారం మళ్ళీ కడిగారు. గుడికి వెళ్తే ప్రదక్షిణాలు చేస్తూ రెండుసార్లు నా మొహంలోకి చూశారు, ఏమిటండీ అంటే ఏం లేదన్నారు. సోమవారం ఆఫీసు నుంచి వచ్చి ఇవాళ ఏం చేశావని అడిగారు, ఏముంది, చారు పెట్టానన్నాను. అంతే, గడువు తీరిపోయింది.

మర్నాడు రాజీనామా రాసి పంపించి, బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఏడ్చాను. మా అమ్మాయికి ఇక వెళ్ళడం లేదని ఎలా తెలిసిందో, స్కూలు నుంచి రాగానే బ్యాగు కింద పడేసి, “అమ్మా, సో వి ఆర్ స్టేయింగ్? నా రూమ్ పెయింట్ చేస్తావా నౌ?” అంది. వేద్దాం తల్లీ అన్నాను. ఆ వారమే ఊదారంగు వేశాం. ఆ పిల్ల సంతోషం చూసి నేనూ నవ్వాను, అది నిజమైన నవ్వే, కాదనను. తరువాతెప్పుడో గ్రీన్‌కార్డులు వచ్చాయి, నేను ఒక డే కేర్‌లో చేరి చిన్నపిల్లలకి చేతులు కడుక్కోవడం నేర్పి, అక్కడే రిటైరయ్యాను. బాటనీ పాఠం మాత్రం మళ్ళీ చెప్పలేదు.

ఇదంతా తలచుకుని రెండు రోజులు గడిపి, మంగళవారం మా వాడికి తిరిగి ఫోన్ చేశాను. చేత్తో పట్టుకునే ఓపిక లేక స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను, మా ఆయన పక్కనే పేపరు చూస్తున్నారు. మార్చుకోరా నాన్నా, రేపు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు అని చెబుతుంటే, వాడి భార్య ఫోన్ అందుకుంది. “అత్తయ్యగారూ, నేనింకా ఓకే అనలేదండి. మా హైదరాబాద్ ఆఫీస్‌కి ట్రాన్స్‌ఫర్ అడిగాను. అది తేలకుండా సైన్ చేయనని తనకి చెప్పేశా. ఇక్కడ ఎప్పుడు ఎవరి జాబ్ పోతుందో తెలియట్లేదు, అక్కడ నాకొకటి ఉందంటే ధైర్యంగా ఉంటుంది కదండీ.” వెనక నుంచి మా వాడు, “చెప్పింది పెద్దమ్మా, పదిసార్లు చెప్పింది” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మంచి పని చేశావమ్మా అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను.

ఫోన్ పెట్టేశాక మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. “ఆ మూడు రోజులూ నువ్వు వద్దంటావేమోనని చూశాను” అన్నారు. ఏ మూడు రోజులని నేను అడగలేదు. “అంటే ఏం చేసేవారు?” అన్నాను. “ఆపేసేవాణ్ణి. నువ్వు అవునన్నావు కదా, నీకూ ఇక్కడే బావుందేమో అనుకున్నాను.” నేనూ మీరంటారేమోనని చూశానండీ అన్నాను. ఆయన మడిచిన పేపరు విప్పి, మళ్ళీ మడిచారు.

కోపం రాలేదు, కోపానికి కూడా ఓపిక కావాలి. ఎవరిననాలి? మనసులో మాట అవతలివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టాలి, అడిగి చెప్పించుకుంటే ఇంకేముంది అనుకుంటూ పెరిగిన మనుషులం, ఒకరి కోసం ఒకరం నోరు మూసుకుని దాన్నే కాపురమనుకున్నాం. ఈ కాలం పిల్లలు ఇంత మొహమాటం లేకుండా ఎలా మాట్లాడుకుంటారా అని నేనూ మీలాగే చాటుగా విసుక్కున్నదాన్నే. ఆ అమ్మాయి ఫోన్‌లో నవ్వుతూ చెప్పేసిన మాట చెప్పుకోవడానికి మాకు ఇరవై ఏళ్ళు పట్టింది. తెనాలి కాలేజీలో నా స్థానంలో చేరినావిడ కూడా పోయినేడు రిటైరయిపోయిందట.