తిరగబడిన తువ్వాలు

నా డైరీకి తాళం లేదు. తెలుగు అక్షరాలే దానికి తాళం. గుడియాత్తంలో మా వీధంతా తెలుగే మాట్లాడుతుంది కానీ చదవడం ఎవరికీ రాదు. బడిలో అందరం నేర్చుకున్నది అరవమే. నేను చిత్తూరు నుంచి వేలూరు వచ్చే బస్సుల బోర్డులతో మొదలుపెట్టి, ఒకటో తరగతి వాచకం ఒకటి సంపాదించి, ఒక్కదాన్నే కూర్చుని నేర్చుకున్నాను. డైరీని మంచం మీద తెరిచి వదిలేసినా మా ఇంట్లో చదివే మనిషి లేదు. నలుగురిలో నోరు పెగలని నాకు ఆ నిశ్చింత చాలా ఏళ్ళు సరిపోయింది.

వేలూరులో ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా చేరాక కూడా నా తెలుగును బయట పెట్టలేదు. అక్కడ రోజంతా పుట్టినరోజు బ్యానర్లు, గృహప్రవేశం పత్రికలు. అక్షరం అంటే కంప్యూటర్‌లోని జాబితాలోంచి ఏరుకునేది, అంతే. నాకు ఏరుకోవడం ఇష్టం లేదు, గీయాలని ఉండేది. పాత టాబ్లెట్ ఒకటి కొనుక్కుని, పొద్దున్నే వేలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని గీసేదాన్ని. కింది లేయర్‌లో నా చేతిరాత ఉంచి, దాని మీద పలచటి లేయర్ పరిచి, ఒక్కో ఒంపునూ లాగి సరిచేసేదాన్ని. బస్సు గుంతలో పడితే గీత ఎగిరేది. కొన్ని ఎగిరిన గీతలే బాగుండేవి, వాటిని చెరపలేదు.

పోయినేడాది మా పెద్దనాయన కూతురికి పెళ్ళి కుదిరింది. మా నాయన మగ్గం మీద నేసిన తువ్వాలును వెళ్ళే చుట్టాల భుజం మీద వేసి పంపడం మా ఇంటి పద్ధతి. ఈసారి అంచులో అక్షరాలు నేయిస్తానని పెద్దనాయన ఇంటికి వచ్చాడు.

"పెండ్లికొడుకు పేరు, మా పాప పేరు, ఇంగ్లీషులో. నువ్వు కంప్యూటర్లో కొట్టి ఇయ్యిమే, చాలు."

"తెలుగులో గీస్తాను పెద్దనాయనా," అన్నాను. "పేర్లొద్దు. 'పోయి రండి' అని వేద్దాం. అవ్వ అందరికీ అదే కదా చెప్తాది."

ఆయన నవ్వినాక నాయనా నవ్వాడు. "తెలుగా! యాడుండారుమే సదివేవాళ్ళు? నీకు పిచ్చి పట్టుండాది," అన్నాడు పెద్దనాయన.

"సదివేవాళ్ళు లేకుంటే ఏం? రాసేదాన్ని నేనుండాను కదా."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే బిత్తరపోయాను. మూలన కూర్చుని దారం చుడుతున్న అవ్వ తల ఎత్తకుండానే అంది: "అడిగేదే ఎప్పుడూ అడగదు ఈ పిల్ల. సరి అనురా."

అలా పెద్దనాయన సరే అన్నాడు, సగం మనసుతో.

అంచులో నాకు దొరికింది ముప్పై రెండు దారాల వెడల్పు. అంటే అక్షరం ఎత్తు ముప్పై రెండు గళ్ళు. తెలుగు అక్షరాలేమో గుండ్రం, మగ్గానికేమో గళ్ళు తప్ప మరోటి తెలియదు. టాబ్లెట్ మీద గళ్ళు పరిచి ఒక్కో గడినీ నింపుతూ పోతే, నా సున్న మొదట తిరగలి రాయిలా వచ్చింది, తర్వాత పగిలిన గిన్నెలా. 'డ' పొట్టలో ఒక గడి తీసేస్తే నాజూకైంది. ఇంకొకటి తీస్తే చచ్చిపోయింది. షాపు జాబితాలోని ఏ అక్షరమూ నాకు ఈ సంగతి చెప్పలేదు. పదిహేను రోజుల బస్సు ప్రయాణాలు ఆ రెండు మాటలకే పోయాయి.

గళ్ళ కాగితం ప్రింటు తీసి ఇచ్చాను. పక్క వీధిలో అట్టలకు రంధ్రాలు పొడిచే ఆయన దాన్ని చూసి, గడికి ఒక రంధ్రం చొప్పున అట్టలు పొడిచి, దండలా కట్టి ఇచ్చాడు. నాయన ఆ దండను మగ్గం నెత్తిన ఎక్కించాడు. ఒక్కో అట్ట కదిలినప్పుడల్లా గుడ్డలో ఒక్కో వరస పడేది. మూడో రోజు నేను పనికి పోయే ముందు వంగి చూస్తే మగ్గం మీద 'పోయి' కనిపించింది. నా చేతిరాత, ఎర్రటి నూలులో. కళ్ళు తుడుచుకుని బస్సెక్కాను.

సాయంత్రం వచ్చేసరికి మొదటి తువ్వాలు కోసి, మంచం మీద పరిచి, అందరూ చుట్టూ చేరి మెచ్చుకుంటున్నారు. నేను వంగి చదవబోయాను. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

మా మగ్గం మీద గుడ్డ బోర్లా పడుకుని తయారవుతుంది. నేసేవాడికి కనిపించేది వెనక వైపు, పోగులు తేలే వైపు. పొద్దున నేను చదివింది దాన్నే. మామిడి పిందె, పువ్వు ఎటు తిరిగినా తేడా తెలియదు కాబట్టి మా ఇంట్లో ఎన్నడూ ఎవరికీ ఈ ఆలోచన అవసరం పడలేదు. మగ్గాల మధ్యే పుట్టి పెరిగి కూడా, కాగితం ఇచ్చేముందు బొమ్మను తిప్పాలని నాకు తోచలేదు. టాబ్లెట్ మీద ఒక్క నొక్కు పని. తప్పు నాదే.

"తిరగబడిపోయుండాది," అన్నాను మెల్లగా.

"ఏది?" అన్నాడు పెద్దనాయన.

"అక్షరాలు. అన్నీ."

ఆయన తువ్వాలును ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగానే ఉండాదే! ఎవురికి తెలుస్తాదిమే? సుమ్మా ఉండు. పెండ్లి ముంగిట పెట్టుకోని మళ్ళీ అట్టలు పొడిపించేదా?"

నిజమే, ఎవరికీ తెలియదు. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన విద్య. కానీ ఇన్నాళ్ళూ నా అక్షరాలు ఎవరికీ తెలియకపోవడం నేను కోరుకున్నది. ఇది వేరు. ఇది, తెలియనివాళ్ళకు ఏదైనా చాలు అనడం.

"నాకు తెలుస్తాది," అన్నాను. ఈసారి గొంతు వీధిలోకి వినపడింది. "తప్పు నాదే. కానీ ఇట్ల పోనియ్యను. దీని బదులు అక్షరాలే వద్దు, ఉత్త తువ్వాలు ఇయ్యండి."

నాయన తువ్వాలును తీసుకుని, నా గళ్ళ కాగితాన్ని పక్కన పెట్టి, ఒక్క తెలుగు అక్షరమూ రాకపోయినా రెంటినీ చాలాసేపు పోల్చి చూశాడు. తర్వాత వేలితో అంచు పొడవునా చివరి నుంచి మొదటికి గీశాడు.

"కొత్త అట్టలు ఎందుకు? రాత పోయేది అంచు పొడుగునే కదా. దండను వెనక్కి తిప్పితే కడపటి వరస మొదట పడతాది. సరిపోదా?"

నేను ఆ గీతనే మనసులో నడిచి చూశాను. సరిపోతుంది. గీయడం నేర్చుకున్నది నేనూ, చదివింది నేనూ. దారి మాత్రం ఆయన చూపాడు. మరుసటి రోజు నుంచి నాయన 'డి'తో మొదలుపెట్టి 'పో' దాకా వెనక నుంచి నేశాడు. ఒక్కో తువ్వాలు కోయగానే పరిచి, "సదువు," అనేవాడు. చదివి తల ఊపితేనే మడత పెట్టేవాడు.

పెళ్ళి అయిపోయిన మధ్యాహ్నం మండపం వాకిట్లో పెద్దనాయన చుట్టాలకు తువ్వాళ్ళు వేస్తున్నాడు. జోలార్పేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన అంచు చూసి, ఇదేం రాత అని అడిగాడు.

"తెలుగప్పా, మన తెలుగు!" పెద్దనాయన తువ్వాలును రెండు చేతులా పైకెత్తి పరిచి, ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ చదివాడు. "పో... యి... రండి! మా పిల్లే గీసింది."

ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. చుట్టూ యాభై మంది. అంతమంది మధ్య నేను ఎప్పుడూ రెండడుగులు ముందుకు వేసిన దాన్ని కాను. వెళ్ళాను. ఆయన చేతుల్లోంచి తువ్వాలు తీసుకుని, అందరూ చూస్తుండగా తిప్పి, మళ్ళీ ఆయన చేతుల్లోనే పెట్టాను.

"ఇట్ల, పెద్దనాయనా," అన్నాను.