మడత పడ్డ పైపు

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరిస్తే చాలు, మా మనవరాలికి ఎక్కడలేని పనులన్నీ గుర్తొస్తాయి. పోనీ, కాగితమైతే లేచి పారిపోదు కదా, దానికే చెప్తాను.

మాది జూలూరుపాడు దాటాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే ఊరు. నేను మా మేనత్త దగ్గర పెరిగాను. ఆమె ఒక్కతే ఎకరం మిరప వేసేది. ఒక ఏడాది వారం రోజులు ముసురు పట్టి, నారుమడిలో మొలకలన్నీ కుళ్ళిపోయాయి. మళ్ళీ విత్తనం సంపాదించేసరికి అదను దాటింది, చేను బీడు పడింది. ఆ ఏడాదంతా అత్త నవ్వగా నేను చూడలేదు. మరుసటి ఏడు ఇంట్లో ఉన్నది ఒక్క మడికి సరిపడా విత్తనమే. అది కూడా పోతే మళ్ళీ బీడే.

అందుకని ఆమె మా ఊళ్ళో ఎవరూ చేయని పని తలపెట్టింది. నారుమడి మీద ప్లాస్టిక్ పైపులు విల్లులా వంచి గూడు కట్టి, పైన పాలిథిన్ కవరు కప్పాలనుకుంది. జూలూరుపాడులో పైపుల దుకాణం పెట్టుకున్న సాయిబు ఆమెకు ఆ ఉపాయం చెప్పాడు. నేను ఆయన్ని చాచా అనేదాన్ని. అమ్మగా మిగిలిన ఏడు పైపులు బస్సు మీద వేసుకుని ఆయనే వచ్చాడు. మిరప నారుకు పెళ్ళి పందిరి వేస్తున్నారని ఊరంతా వేళాకోళమాడింది.

ఆ పైపులు మందమైనవి. ఊరికే వంచితే నడుమ నొక్కుకుపోతాయి. చాచా ఒక కొసకు గుడ్డ బిగించి, లోపల ఎండిన ఇసుక కూరించి, రెండో కొస కూడా మూసి, నిప్పుల మీద తిప్పుతూ వేడి చేసేవాడు. మెత్తబడగానే నేల మీద వంపుగా పాతిన గూటాల వెంట ఒదిగించి చల్లారనిచ్చేవాడు. లోపల ఇసుక ఉంది కాబట్టి పైపు గుండ్రంగా వంగేది. ఇసుకను కర్రతో దంచి కూరడం నా పని.

మధ్యాహ్నం ఆయన నమాజుకని వాగు వైపు వెళ్ళగానే నాకు పెద్దరికం పొడుచుకొచ్చింది. ఒక పైపులో సగమే ఇసుక పోసి, వేడి చేసి వంచాను. నడుమ చప్పున మడత పడింది. ఎలాగో సాగదీసి, ఆ మడత మీద అత్త పాత చీర పేలిక చుట్టాను. అడిగితే అందానికని చెబుదామనుకున్నాను గానీ ఎవరూ అడగలేదు. ఆ పైపే గూటికి సరిగ్గా మధ్యలో నిలబడింది. కవరు కప్పడం అయ్యాక అత్త చుట్టూ తిరిగి చూసుకుని, నా తల నిమిరింది. కొట్టినా అంత బాధ పడేదాన్ని కాదు.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. చాచా బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. నేను పరిగెత్తి వెళ్ళి, ఏడుస్తూనే ఉన్నదంతా చెప్పేశాను.

ఆయన మొహం ఎర్రబడింది. "గప్పుడే చెప్పొద్దా, బేటీ" అన్నాడు. వచ్చిన బస్సును పోనిచ్చి వెనక్కి వచ్చాడు. విరిగిన చేతికి కట్టు కట్టినట్టు, మడతకు రెండు వైపులా వెదురు బద్దలు పెట్టి తాడుతో బిగించాడు. నా ఎదుటే అత్తతో, "ఈడ మడత ఉన్నది. పిల్లే చెప్పింది. వానొస్తే ఈడ చూస్కోండ్రి" అన్నాడు. అత్త నన్ను తిట్టలేదు. "అవ్, చూస్కుంటం" అని మాత్రం అన్నది. చాచా ఆఖరి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోతే ఈ సంగతి నాకింతగా గుర్తుండేది కాదు. మర్నాడు మొదటి బస్సుకు చాచా మళ్ళీ దిగాడు. చినుకులు మొదలయ్యాయి. నేరుగా వెళ్ళి గూటి చివరి పైపు దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, దీంట్ల ఇసుక నేనే కూరిన. జల్దీ పోదామని సరిగ్గ దంచలే. పైకి మంచిగనే కనవడ్తది గని, వంపు కాడ పల్చగైంది. నాకు ఎరుకే. గంత పిల్ల ఉరికొచ్చి చెప్పింది, నేనేమో నోరు మూసుకొని బస్సెక్కిన" అన్నాడు. మాట అత్తతోనే గానీ, చూపు నా వైపుంది. ఒక పెద్దమనిషి పిల్ల ముందు తన తప్పు చెప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు. నాకు సిగ్గూ గర్వమూ ఒక్కసారే కలిగాయి.

చాచా, నేను ఇద్దరం తడుస్తూ దానికీ బద్దలు కట్టాం. వాన ఐదు రోజులు కురిసింది. మూడో రోజు ఆ చివరి పైపు కొంచెం కుంగింది గానీ, కట్టు పట్టుకుని నిలబడింది. వాన వెలిశాక కవరు ఎత్తి చూస్తే మడంతా పచ్చగా ఉంది. అత్త నవ్వింది. ఆ ఏడు మా ఎకరం బీడు పడలేదు.

పెద్దయ్యాక నేను దవాఖానాలో నర్సునయ్యాను. ఒకసారి ఒకరికి వేయాల్సిన మందు పక్క మంచం మీదున్నామెకు వేశాను. ఎవరూ చూడలేదు. అయినా పోయి అందరి ముందే డాక్టరమ్మకు చెప్పాను. చీవాట్లు తిన్నాను. మందు పడ్డామెకు ఏమీ కాలేదు. కాసేపటికి, కొత్తగా చేరిన నర్సమ్మ నా దగ్గరికొచ్చి, "అక్కా, నేను గూడ ఒకటి చెప్పాలె" అన్నది.

ఒక పసిగుడ్డుకు మందు మోతాదు మించి వేసిందట. వేళకే చెప్పింది. ఆ పసిగుడ్డు బతికింది.