గుడియాత్తం సిపాయి పత్యం

కాట్పాడిలో రైలు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. పాలారు ఏట్లో ఇసుక తప్ప చుక్క నీరు లేదు. వేలూరులో సిపాయిల ఆసుపత్రి, నా డ్యూటీ అక్కడ. జర్మనీవాడితో జరిగిన పెద్ద యుద్ధంలో ఏం చేశావని మా ఊరు మేల్పాడిలో ఇప్పటికీ అడుగుతారు. తుపాకీ తుడిచి పక్కన పెట్టాను, గరిటె పట్టాను. అంతే.

ఆపరేషను కోత అయినవాళ్లకు తిండి అందించడం నా పని. పొద్దున పాలు, మధ్యాహ్నం రెండు గుడ్లు, సాయంత్రం మాంసం షోరువా. డాక్టరు ఆర్డరు అది. "తింటేనే పుండు పూడేది. తిననివాడు ఎవడో నాకు చెప్పు" అనేవాడు. బాల్చీలు మోసి మోసి నా నడుం పడిపోయేది.

కిటికీ పక్క మంచంలో గుడియాత్తం సిపాయి. మగ్గం నేసే ఇంటివాడు, బస్రా యుద్ధభూమి నుంచి వచ్చాడు. కుడి పిక్కలోంచి తూటా తీశారు. అందరి పుళ్లూ మానుతున్నాయి, వాడిది మానడం లేదు. కంచం మాత్రం ఖాళీగానే తిరిగొచ్చేది. మనిషి చూస్తే ఎముకల గూడు.

"కాలు నిలవాలప్పా. గుంటమగ్గం మాది, గుంటలో పలకలు రెండు కాళ్లతో తొక్కాల గదా" అని రోజూ అదే మాట.

వాళ్లమ్మ తోడుగా వరండాలో ఉండేది. ఒక మధ్యాహ్నం చూద్దును గదా, వాడి గుడ్లు, పొద్దుటి పాలు పక్క మంచాలవాళ్లకు పెట్టేస్తోంది. కొడుకు ముందర మిరియాల చారు, అన్నం.

నాకు ఒళ్లు మండింది. "ఏమ్మా, ఏం పని ఇది?"

"గుడ్డు తింటే కోసిన పుండు చీము పడతాది నాయనా. పాలూ అంతే. మా వీధిలో పుండయితే పత్యమే. నేనూ వాడితోపాటు అదే తింటా ఉండా."

"నువ్వయినా చెప్పొద్దా?" అన్నాను వాడితో.

"అమ్మ చేత్తో పెట్టేది యాడ కాదంటానప్పా?"

కొడుకు కోసం ఆమె కూడా కడుపు మాడ్చుకుంటోంది.

డాక్టరుకు చెప్పాను. కట్టు విప్పాడు. వాసన గుప్పుమంది.

"మోకాలి కింద తీసేయాలి. లేకుంటే మనిషి దక్కడు" అన్నాడు.

తీసేశారు. మర్నాడు ఆ తల్లి నా దగ్గరకొచ్చి గిన్నె చాచింది. "షోరువా పొయ్యి నాయనా. నేనే పెడతా." మాంసం వాసన పడక పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని తాగించింది. నాకు ఏడుపొచ్చింది. ఆ కోత మాత్రం తొందరగానే మానింది.

ఆసుపత్రిలో నా డ్యూటీ కాలం ముగిశాక ఇంటికి పోకుండా ముందు గుడియాత్తం వెళ్లాను. వాడు మగ్గం గుంట అంచున కూర్చుని దారం చుట్టిన నాడె అటూ ఇటూ విసురుతున్నాడు. ఎడమ కాలి పలక తనే తొక్కుతున్నాడు. తల్లి గుంటలోకి దిగి, ముడుచుక్కూర్చుని, కుడి పలకను రెండు చేతులతో నొక్కుతోంది.

"ఒంటికాలితో రెండూ తొక్కుతానంటే వినదప్పా" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. నాడె అటు పోతే నొక్కింది, ఇటు వస్తే వదిలింది. ఇప్పటికీ కళ్లు మూస్తే నాకు ఆ చేతులే కనబడతాయి.