ఆంజనేయప్రసాద్ ఇంటి కప్పు

ఆంజనేయప్రసాద్‌ది తెనాలి. షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఇల్లు కొని పదేళ్లు దాటినా, ఆ ఇంటి కప్పును ఆయన కప్పుగా ఒప్పుకోలేదు. కప్పంటే సిమెంటు శ్లాబు. దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకోవాలి, వేసవిలో పక్కలు వేసుకోవాలి. చెక్క మీద తారు అట్టలు మేకులతో కొట్టేసి రూఫ్ అంటే ఆయనకు మింగుడుపడేది కాదు. షికాగో రైల్లో పక్కన ఎవరు కూర్చున్నా ఈ సంగతి చెప్పేవాడు. వారంలో ఐదు రోజులు ఓ ఇన్సూరెన్స్ కంపెనీ డేటాబేస్‌లను, శని ఆదివారాలు ఇంటిని చూసుకునేవాడు. ఆ రెండిట్లో డేటాబేస్‌లే సుఖపడ్డాయని ఆయన భార్య రాధారాణి అంటుంది.

2009 చలికాలంలో ఆయన ఒక ఘనకార్యం చేశాడు. చూరు కింద చిల్లుల రేకులోంచి అటకలోకి చల్లగాలి వస్తోందని కనిపెట్టాడు. ఇంగ్లీషువాళ్ల ఆటిక్ మన అటకలోంచే పుట్టిందని ఆయనకు గట్టి నమ్మకం. ఆ చిల్లులు ఇల్లు కట్టినవాడు మరిచిపోయి వదిలేశాడనుకుని, పాత దుప్పట్లూ బొంతలూ మోసుకెళ్లి లోపలినుంచి అన్నీ కుక్కేశాడు. కిందికి దిగి, ఈ దేశంలో ఎవరికీ తట్టనిది తనకు తట్టిందన్నాడు. రాధారాణి ఫార్మసిస్టు. డాక్టర్లు రాసిన మందుల్లో తప్పులు పట్టుకోగలదు గాని, అటక సంగతులు ఆవిడకేం తెలుసు? సరేనంది.

2014 జనవరిలో మంచు వారాల తరబడి పడింది. ప్రసాద్ ఇంటి చూరుకు మనిషెత్తు ఐస్ ఊచలు వేలాడాయి. వీధిలో ఇంకెవరింటికీ అంతటివి లేవు. ఆయన ఫొటోలు తీసి తెనాలిలో అన్నదమ్ములకు పంపాడు. ఎదురింటి డోరతీ, ఎనభై ఏళ్ల మనిషి, ఆగి వాటికేసి చూసి, ఇవి మంచివి కావని చెప్పి వెళ్లింది. అసూయ అనుకున్నాడు ఆయన.

వారం తిరక్కుండానే గెస్ట్ రూమ్ సీలింగ్ మీద తడి మచ్చ కనిపించింది. కప్పు మీద మంచు కరిగి, చూరు దాకా జారి, అక్కడ మళ్లీ గడ్డకట్టి గట్టులా అడ్డం పడింది. వెనక నిలిచిన నీళ్లు షింగిల్స్ అనే ఆ తారు అట్టల కిందికి దూరి ఇంట్లోకి దారి చేసుకున్నాయి. దీన్ని ఐస్ డ్యామ్ అంటారని ప్రసాద్ ఇంటర్నెట్‌లో చదివాడు. డ్యామ్ అన్నాక గేట్లు ఎత్తాలిగా అని బయల్దేరాడు.

ముందు రూఫ్ రేక్ కొన్నాడు. పొడవాటి గొట్టానికి పార బిగించినట్టుంటుంది అది. నేల మీద నిలబడి దాంతో కప్పు మీది మంచును కిందికి లాగాలి. మొదటి లాగుకే మంచంతా ఆయన మీదే పడింది. కిటికీలోంచి చూస్తున్న రాధారాణికి కాసేపు మనిషి కనిపించలేదు. టోపీ కనిపించాక ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు మరో ఉపాయం. పొడవాటి మేజోళ్లలో ఐస్ కరిగించే ఉప్పు నింపి గట్టు మీద వేస్తే, నీళ్లకు దారి ఏర్పడుతుందట. రాధారాణి చలికాలం వేసుకునే నల్ల టైట్స్ రెండు జతలు అడక్కుండా తీసుకుని, నిండా ఉప్పు కూరి, నిచ్చెనెక్కి పైకి విసిరాడు. వాటి పాదాలు చూరు అంచున వేలాడాయి. ఆయన హార్డ్‌వేర్ షాపుకి వెళ్లిన కాసేపటికే ఇంటి ముందు ఫైరింజన్ ఆగింది. కప్పు మీద ఎవరో పడి ఉన్నారని, కాళ్లు కనిపిస్తున్నాయని డోరతీ ఫోన్ చేసిందట. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన రాధారాణిని ఫైర్‌మన్ ఎంతో మర్యాదగా అడిగాడు, ఆ కాళ్లు ఎవరివో తెలుసా అని.

నావేనని చెప్పింది ఆవిడ.

ఉప్పు పనిచేసింది గాని, అప్పటికే కప్పు చెడిపోయింది. మే నెలలో కాజిమీర్‌ని పిలిచారు. ముప్పై ఏళ్లుగా కప్పులు వేస్తున్న పోలెండ్ మనిషి. ప్రసాద్ సెలవు పెట్టి, పెరట్లో కుర్చీ వేసుకుని, స్టీలు గ్లాసుతో కాఫీ తాగుతూ పర్యవేక్షణకు కూర్చున్నాడు. షింగిల్స్ పెకలిస్తే కింద ప్లైవుడ్ చూరు పొడుగునా నానిన అప్పడంలా ఉంది. కాజిమీర్ అటకలోకి వెళ్లి, చేతుల నిండా బూజుపట్టిన బొంతలతో దిగి, వాటిని ప్రసాద్ కాళ్ల ముందు పడేశాడు. అటక బయటి గాలంత చల్లగా ఉంటేనే కప్పు మీది మంచు కరక్కుండా ఉంటుందని, ఆ చిల్లులు పెట్టింది అందుకేనని చెప్పాడు. వాటిని మూసిందెవరని అడిగాడు.

పాత ఓనర్ అనేద్దామని ప్రసాద్ నోరు తెరిచాడు. బొంత మీద రాధారాణి పెళ్లినాటి చీర అంచు కనిపించింది. లేచి లోపలికి నడిచాడు.

"రాధా, కప్పు పాడు చేసింది మంచు కాదు. నేనే," అన్నాడు.

ఇరవై నాలుగేళ్ల కాపురంలో అలాంటి మాట ఆవిడ వినలేదు. ఏడిపించడానికి ఇంత మంచి సమయం మళ్లీ రాదని తెలుసు. అయినా మొహం వాడిపోయిన ఆ మనిషిని చూస్తే ఎందుకో మనసొప్పలేదు.

"ఇంటికి చలేస్తుందని దుప్పటి కప్పారు. అంతేగా," అంది.

మిగతా రెండు రోజులూ ప్రసాద్ కుర్చీలో కూర్చోలేదు. అయస్కాంతం కట్టిన కర్రతో గడ్డిలో రాలిన మేకులు ఏరాడు. చూరు వెంట నీళ్లు దిగని షీట్ ఎలా అంటిస్తారో, నడి కప్పున గాలి పోయే సందు ఎందుకు వదులుతారో కాజిమీర్‌ని అడిగి తెలుసుకున్నాడు. పనివాళ్లకు పెసరట్లు తనే అందించాడు.

తర్వాతి చలికాలం కప్పు మీద మంచు మందంగా, కదలకుండా పడుకుంది. ఊచ ఒక్కటీ లేదు. ఆఫీస్ నుంచి వచ్చినప్పుడల్లా ఆయన రోడ్డు మీదే ఆగి కాసేపు దాన్ని చూసుకునేవాడు.

ఆ ఏప్రిల్లో పక్కూరు అరోరాలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లారు. వ్రతం పూర్తయ్యేసరికి ప్రసాద్ కనిపించలేదు. రాధారాణి వెతుక్కుంటూ మేడెక్కితే, అటక నిచ్చెన దించి ఉంది. పైన పట్టుపంచె ఎగ్గట్టుకుని, ఫోన్ లైట్ పట్టుకుని, ఆయన మూలమూలా చూస్తున్నాడు.

"బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టాన్ని అటకలోకే వదిలేశారు రాధా. వెచ్చటి గాలంతా ఇక్కడికే. కొంప మునుగుతుంది," అన్నాడు దిగులుగా.

ఆవిడ ప్రసాదం ప్లేటు నిచ్చెన మీదుగా పైకి అందించింది.